మిర్చి పైసలు ఏడు నెలలు ఎక్కడ పెట్టాలె? లిక్విడ్ ఫండు, మనీ మార్కెట్ ఫండు తెలిసినోళ్లు చెప్పుండ్రి

నర్సంపేట_మిర్చి

అన్నలకు అక్కలకు నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె, నేను హన్మకొండల ప్రైవేటు జాబ్ చేస్తున్న. ఈసారి బాపు మిర్చి ఎనుమాముల మార్కెట్ల అమ్మిండు, అడ్తి, హమాలీ, ఎరువుల దుకాణం బాకీ అన్నీ పోంగ ఏడున్నర లక్షలు చేతికి వచ్చినయ్. అండ్ల లక్షన్నర జూన్‌ల విత్తనాలకు, దున్నకానికి కావాలె. మిగిలిన 6 లక్షలు నవంబర్‌ల చెల్లె పెండ్లికి. ఇప్పుడు ఏప్రిల్ కదా, నడుమ ఏడు నెలలు ఈ 6 లక్షలు ఎక్కడ పెట్టాల్నో ఇంట్ల రోజు పంచాయితే. బాపేమో ఎప్పటి తీరుగ సేటు దగ్గరనే ఉంచుదాం అడిగినప్పుడు ఇస్తడు అంటడు, మేనమామ నూటికి రెండు రూపాయల మిత్తికి ఎవరికో ఇప్పిస్తా అంటుండు, ఇంకొకాయన చిట్టిల వెయ్యుమని తిరుగుతుండు. మా ఆఫీసుల ఒకన్న మాత్రం లిక్విడ్ ఫండు లేకుంటే మనీ మార్కెట్ ఫండుల పెట్టు, ఎస్‌బీ (సేవింగ్స్) ఖాతా కన్న నయం అన్నడు. మ్యూచువల్ ఫండ్ అనంగనే బాపు షేర్లు అనుకొని చెయ్యి అడ్డం పెడ్తుండు. నాకు కూడ పూర్తిగ తెల్వది, జెర ఇవరంగ చెప్పుండ్రి. ఈ పైసలు పోతే చెల్లె పెండ్లి ఆగుతది, అందుకే అడుగుతున్న.

లెక్కలసారు_నయీంనగర్

తమ్మీ, ఈ రెండు ఫండ్లల్ల షేర్లు అస్సలు ఉండయి, బాపుకు ముందు ఈ మాట చెప్పు. మనందరి పైసలు జమ చేసి ఫండోళ్లు అప్పులిస్తరు, అవి కూడ కొన్ని రోజులకో కొన్ని నెలలకో తిరిగొచ్చే అప్పులు. తీస్కునేటోళ్లు గవర్నమెంటు, బ్యాంకులు, పెద్ద కంపెనీలు. గవర్నమెంటు తీస్కుంటే ట్రెజరీ బిల్లు అంటరు, బ్యాంకు తీస్కుంటే సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్, కంపెనీ తీస్కుంటే కమర్షియల్ పేపర్. ఈ ఆఖరుది మన ఊర్ల ప్రామిసరీ నోటు అసొంటిదే, తనఖా ఏం ఉండదు, కంపెనీ మీద నమ్మకమే.

ట్రెజరీ బిల్లు ఎట్ల పని చేస్తదో చూడు, మిగతయి దాని తీరుగనే అర్థమైతయి. 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు అని మూడు రకాలు, మామూలుగ బుధవారం నాడు ఆర్‌బీఐ వేలం వేస్తది. మిత్తి అని వేరే ఏం ఇయ్యరు, తక్కువకు అమ్మి గడువు నాడు నిండు 100 ఇస్తరు. ఉదాహరణకు 91 రోజుల బిల్లు 98 రూపాయల 60 పైసలకు దొరికిందనుకో, ఆఖరుకు 1 రూపాయి 40 పైసలు మిగులుతయి, దాన్ని ఏడాది లెక్కకు తెస్తే దగ్గర దగ్గర 5.7 శాతం పడ్తది. ఫండు దగ్గర ఇట్లాంటి కాయితాలు వందల కొద్ది ఉంటయి, అన్నిటి మీద రోజు పైసా పైసా ఎక్కుతుంటది, అదే ఎన్‌ఏవీల, అంటే ఫండుల మన వాటా అయిన ఒక్కో యూనిట్ ధరల కనిపిస్తది.

ఇగ తేడా. ఫండ్ల మీద పెత్తనం చేసే సర్కారు సంస్థ సెబీ 2017ల ఫండ్లను రకాల లెక్కన విడగొట్టింది. ఓవర్‌నైట్ ఫండు ఒక్క రోజు గడువు కాయితాలే కొనాలె, లిక్విడ్ ఫండు 91 రోజుల లోపువి, మనీ మార్కెట్ ఫండు ఏడాది లోపువి. గడువు పెరిగిన కొద్ది నాలుగు పైసలు ఎక్కువ రావొచ్చు, కాని నడుమ ఊగుడు కూడ పెరుగుతది. ఎందుకంటే మనం ఏడాది కాయితం 94కు కొన్నంక బజార్ల మిత్తి పెరిగితే అదే కాయితం రేపు 93 రూపాయల 70 పైసలకే దొరుకుతది, మన దానికి కూడ అదే ధర కడ్తరు. గడువు దాక ఉంచితే 100 వస్తది నిజమే, కాని ఆ నడుమ అవసరం పడి తీస్తే ఆ రోజు ధరే మనకు. పెండ్లి తారీఖు పక్కా ఉన్న పైసలకు నేనైతే లిక్విడే అంట.

పరకాల_పత్తి

రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం. ఫండుల 6 శాతం వస్తదంటున్నరు. మేనమామ చెప్పింది వినొచ్చు కదా, ఊర్ల అందరు గట్లనే తిప్పుతరు.

లెక్కలసారు_నయీంనగర్

అన్నా, 24 శాతం కట్టెటోడు ఎవడో ఆలోచించుండ్రి. బ్యాంకుల పుట్టనోడే అంత మిత్తికి ఒస్తడు. మిత్తి రెండు నెలలు టైముకు ఇస్తడు, నవంబర్‌ల అసలు అడిగితే పత్తి అమ్మినంక ఇస్త అంటడు. అప్పుడు ఆ పిల్ల పెండ్లికి మీరు నిలబడ్తరా?

ఇంకో మాట తమ్మీ, మీకే ఎక్కడన్న రెండు రూపాయల మిత్తి అప్పు మిగిలుంటే ఫండు గిండు తర్వాత, ముందు అది కట్టెయ్యి. 24 శాతం అప్పు మోసుకుంట 6 శాతానికి దాచుడుల అర్థం లేదు. పంట రుణం సంగతి వేరే, అది 3 లక్షల దాక టైముకు కడ్తే రాయితీ పోను 4 శాతమే పడ్తది, దాన్ని గడువు తప్పకుంట కట్టుకుంటే చాలు.

వడ్డేపల్లి_అక్క

తమ్మీ నేను చిట్టి గురించి చెప్త, మనసుల పెట్టుకో. మా ఆయన పోయినంక వచ్చిన పైసలల్ల నుంచి నెల నెల 12 వేలు చొప్పున ఒక కంపెనీల చిట్టి కట్టిన, పేరు చెప్పను. 28 నెలలు కట్టినంక బిడ్డ ఇంజనీరింగ్ ఫీజుకు పాడిన. పాట నాకే వచ్చింది, సంతకాలు పెట్టిచ్చుకున్నరు, జామీనుదారులను అడిగిండ్రు, ముగ్గురిని తీస్కపోయిన, అయినా చెక్కు రాలే. పొద్దుగాల పోయి ఆ ఆఫీసు మెట్ల మీద కూసునేది, నా తీరుగనే ఇంకో ఇరవై మంది. 3 లక్షల 36 వేలు. కేసు నడుస్తనే ఉన్నది. చిట్టిలన్ని మోసం అంటలేను, 1982 చట్టం కింద రిజిస్టర్ అయ్యి మంచిగ నడిపేటోళ్లు ఉన్నరు, కాని దేని పైసలు దేంట్ల పెట్టాల్నో తెల్వకుంటే నా తీరుగ అయితది. తారీఖు ఉన్న పైసలు చిట్టిల వెయ్యకు బిడ్డా.

ఫండు గురించి నాకు ఒక్కటే అనుమానం, ఆ ఫండు కంపెనీ కూడ రేపు బోర్డు తిప్పేస్తే?

ఫండ్ల_పిచ్చి_కాజీపేట

అక్కా మీ బాధ చదివితే గుండె బరువైంది.

మీరడిగింది చానా ముఖ్యం. చిట్టిల మన పైసలు కంపెనీ చేతులకే పోతయి. మ్యూచువల్ ఫండుల గట్ల కాదు, ఫండు ఒక ట్రస్టు, అది కొన్న కాయితాలు కస్టోడియన్ అని వేరే సంస్థ దగ్గర ఉంటయి, మన యూనిట్ల లెక్క క్యామ్స్, కేఫిన్‌టెక్ లాంటి రిజిస్ట్రార్లు రాస్తరు. మనం కొనే యాప్ రేపు మూతపడినా యూనిట్లు మన పాన్ మీద గక్కడనే ఉంటయి. పైసలు తీస్తే రిజిస్టర్ అయిన మన బ్యాంకు ఖాతాకే వస్తయి.

కాని కాయితం రాసిచ్చిన కంపెనీ ఎగ్గొడ్తే? ఆ నష్టం మనదే, దాచుడు ఎందుకు. 2017 ఫిబ్రవరిల బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ అనే కంపెనీ రేటింగ్ (అప్పు కట్టే సత్తాకు ఇచ్చే మార్కు) కింద పడితే దాని పేపర్ పట్టుకున్న టారస్ లిక్విడ్ ఫండు ఒక్క రోజే 7 శాతం పైన పడింది. లిక్విడ్ ఫండే మరి! ఏడాది మిత్తి మొత్తం ఒక్క పొద్దుకు పోయింది. 2018 సెప్టెంబర్‌ల ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైనాన్స్ కంపెనీ ఎగ్గొట్టినప్పుడు కూడ కొన్ని లిక్విడ్ ఫండ్లకు దెబ్బ తాకింది. 2020 మార్చిల కరోనా భయానికి అందరు ఒక్కసారి తియ్యంగ కొన్ని రోజులు లిక్విడ్ ఫండ్ల ఎన్‌ఏవీలు తగ్గినయ్, తర్వాత కోలుకున్నయ్. నేను అప్పుడు రోజు చూసిన, గుబులైంది కాని తియ్యలే.

ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ దెబ్బ తర్వాత రూల్స్ గట్టిపడ్డయ్. లిక్విడ్ ఫండు కనీసం 20 శాతం నగదు, ట్రెజరీ బిల్లులు, గవర్నమెంటు కాయితాలల్ల ఉంచాల్నని 2019ల సెబీ చెప్పింది.

డాలస్_నుంచి_ఓరుగల్లు

నేను పుట్టింది మట్టెవాడ, ఇప్పుడు టెక్సాస్‌ల ఉంట. ఇక్కడ మనీ మార్కెట్ ఫండు అంటే ఇంటింటికి ఎరుకే, బ్రోకరేజి ఖాతాల ఖాళీగ ఉన్న పైసలు అండ్లనే పడి ఉంటయి. పేరు ఒకటే గాని తీరు వేరు, అందుకే రాస్తున్న. మామూలు మనుషులు కొనేటివాటికి ఇక్కడ యూనిట్ ధర ఎప్పుడు 1 డాలరే, మిత్తి వేరేగ యూనిట్ల రూపంల కలుస్తది. మన దగ్గర ఎన్‌ఏవీ రోజు ఎక్కుతది. ఇక్కడి ఫండు సగటు గడువు 60 రోజులు దాటొద్దు, ఏ ఒక్క కాయితం 397 రోజులు దాటొద్దు. గడువుల లెక్కన ఇది మన లిక్విడ్ ఫండుకు దగ్గర.

అసలు ఇవి పుట్టిందే చిత్రంగ. అప్పట్ల ఇక్కడ బ్యాంకులు చిన్న ఖాతాలకు ఇంతకన్న మిత్తి ఇయ్యొద్దని ప్రభుత్వం హద్దు పెట్టింది, బజార్ల మాత్రం మిత్తి ఎక్కువ, అది పెద్దోళ్లకే దొరికేది. 1971ల బ్రూస్ బెంట్, హెన్రీ బ్రౌన్ అనే ఇద్దరు చిన్నోళ్ల పైసలు కుప్ప చేసి ఆ పెద్ద మిత్తి అందరికి పంచుదామని రిజర్వ్ ఫండ్ షురూ చేసిండ్రు. వాళ్ల రిజర్వ్ ప్రైమరీ ఫండే 2008 సెప్టెంబర్ 16న దెబ్బ తిన్నది. లీమన్ బ్రదర్స్ అనే పెద్ద అమెరికా బ్యాంకు పేపర్లు 78 కోట్ల 50 లక్షల డాలర్లవి పట్టుకొని ఉండె, లీమన్ దివాలా తీసిన మరునాడు డాలర్ యూనిట్ 97 సెంట్లు అయింది. మూడు సెంట్లే కదా అనిపిస్తది, కాని ఎన్నడు తగ్గదు అనుకున్నది తగ్గేసరికి జనం ఎగబడ్డరు, ఆఖరుకు ప్రభుత్వమే కొన్నాళ్లు గ్యారంటీ ఇచ్చింది. పోయింది 3 సెంట్లు, ఆగింది మొత్తం పైసలు, ఆ ఫండుల ఉన్నోళ్లు నెలల తరబడి ఎదురుచూసిండ్రు. పెండ్లి పైసలకు ఆ ఆగుడే అసలు ప్రమాదం తమ్మీ.

బొగ్గుబాయి_పెన్షన్_గోదావరిఖని

సింగరేణిల 34 ఏండ్లు చేసి దిగిన. రిటైర్ అయినప్పుడు వచ్చిన పైసలల్ల కొంత బ్యాంకాయన చెప్తే ఏందో బాండ్ ఫండుల పెట్టిన, పేరుల షార్ట్ అని ఉంటే తొందరగ వస్తది అనుకున్న. 2020 ఏప్రిల్ల ఆగింది. ఆ పేరున్న ఫండ్లన్ని ఒకటేనా, జెర చెప్పుండ్రి.

ఫండ్ల_పిచ్చి_కాజీపేట

కాదు కాకా. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండు కంపెనీ ఆరు డెట్ (అప్పులిచ్చే) స్కీములు మూసింది, అండ్ల అల్ట్రా షార్ట్ బాండ్, లో డ్యూరేషన్ పేరున్నవి కూడ ఉన్నయ్, లిక్విడ్ ఫండు గాని మనీ మార్కెట్ ఫండు గాని లేదు. ఆ స్కీములు తక్కువ రేటింగ్ కంపెనీలకు ఎక్కువ మిత్తికి అప్పులిచ్చినయ్. తర్వాత విడతలు విడతలుగ పైసలు వాపస్ వచ్చినయ్ గాని అప్పటి దాక మీలాంటోళ్లు ఎంత నలిగిండ్రో నాకు తెల్సు.

అందుకే కొనేముందు రెండు చూడాలె. ఒకటి, నెల నెల ఫండోళ్లు పెట్టే పోర్ట్‌ఫోలియో. ఎవరికి ఎంత అప్పిచ్చిండ్రో పేరు, రేటింగ్, గడువుతో సహా ఉంటది. నిన్న రాత్రి నేను ఒక లిక్విడ్ ఫండుది మా ఆవిడకు చదివి వినిపిస్తుంటే తను అడిగింది, ఈ ఫండు మిగతా వాటికన్న పావు శాతం ఎక్కువ ఎట్ల ఇస్తుంది అని. కిందికి పోయి చూస్తే ట్రెజరీ బిల్లులు తక్కువ, పేరు ఎన్నడు వినని ఫైనాన్స్ కంపెనీల పేపర్లు ఎక్కువ. జవాబు గక్కడనే ఉన్నది. రెండోది, రిస్క్ గడి. 2021 నుంచి ప్రతి డెట్ ఫండుకు సెబీ ఏ-1 నుంచి సీ-3 దాక గడి పెట్టిచ్చింది. అక్షరం ఎగవేత రిస్కుది, అంకె మిత్తి రేట్ల ఊగుడుది. ఏ-1 అంటే రెండిట్ల తక్కువ. పెండ్లి పైసలకు ఏ-1 దాటొద్దు.

హన్మకొండ_బ్యాంకు_రిటైర్డ్

అందరూ ఫండ్ల గురించే చెప్తున్నారు, ఎఫ్‌డీ సంగతి కూడా చెప్పాలి కదా. నేను 31 ఏళ్లు బ్యాంకులో చేశాను. ఎఫ్‌డీలో ఎంత మిత్తి వస్తుందో మొదటి రోజే రాసి ఇస్తారు, ఏడు నెలల తర్వాత ఆ అంకె మారదు. బ్యాంకు డిపాజిట్లకు డీఐసీజీసీ అనే సంస్థ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు, అంతకు ముందు లక్షే. ఫండుకు ఆ బీమా లేదు. బాబు దగ్గర 6 లక్షలు ఉన్నాయి కాబట్టి రెండు బ్యాంకుల్లో మూడు మూడు వేస్తే పూర్తిగా బీమాలోకి వస్తుంది. ముందే పగలగొడితే అర శాతమో ఒక శాతమో మిత్తి కోస్తారు, అంతే. పొలం మనిషికి, రాత్రి నిద్ర పట్టాలి అనుకునే మనిషికి ఎఫ్‌డీ తప్పు కాదు. ఎస్‌బీ ఖాతాలో వదిలేయడం మాత్రం తప్పు, పెద్ద ప్రభుత్వ బ్యాంకుల్లో ఇప్పుడు 2.5 శాతమే.

లెక్కలసారు_నయీంనగర్

సారు చెప్పింది ఒప్పుకుంట. లెక్క చూద్దాం, 6 లక్షలకు ఏడు నెలలు ఎస్‌బీల 2.5 చొప్పున 8,750 వస్తయి. ఫండో ఎఫ్‌డీయో ఆరున్నర పడ్డదనుకుంటే 22,750. తేడా 14 వేలు, పెండ్లి టెంటు కిరాయి. మరి ఎఫ్‌డీ, లిక్విడ్ నడుమ తేడా అంత ఉండదు. లిక్విడ్ మేలు ఎక్కడంటే తారీఖు అటు ఇటు అయినా, విడతలుగ తియ్యాల్సి వచ్చినా కోత లేదు. ఏడో రోజు నుంచి ఎగ్జిట్ లోడ్ (తీసేటప్పుడు కోసే రుసుము) సున్న. మొదటి రోజే తీసినా లక్షకు 7 రూపాయలు.

సుబేదారి_స్కూటీ

తీసుడు గురించి నా అనుభవం చెప్త, ఎవరు ఇది ముందు చెప్పరు. పోయిన ఏడాది శుక్రవారం రాత్రి మా అమ్మను దవఖానల చేర్చినం, లక్షా 10 వేలు కట్టుమన్నరు. నా దగ్గర లిక్విడ్ ఫండుల రెండు లక్షలు ఉన్నయ్ కదా అని ధైర్యంగ ఉన్న. యాప్ తెరిచి ఇన్‌స్టంట్ రిడెంప్షన్ (వెంటనే తీసుడు) కొడ్తే 50 వేలు రెండు నిమిషాలల్ల పడ్డయ్, ఆ పైన రాలే. రూలే అంత, ఒక స్కీముల రోజుకు 50 వేలు లేకుంటే ఉన్నదాంట్ల 90 శాతం, ఏది తక్కువైతే అది. మిగతది మామూలు రిడెంప్షన్ పెట్టిన. మూడు గంటలు దాటిన శుక్రవారం రిక్వెస్టు సోమవారం కింద లెక్క, పైసలు మంగళవారం పడ్డయ్. నడుమ మా చిన్నమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చింది, ఆమె చేతులు బోసిగ ఉన్న ఆ మూడు రోజులు నేను మర్చిపోను. ఇన్‌స్టంట్ అన్ని ఫండ్లల్ల కూడ ఉండదు, ముందే చూస్కో. ఓ యాభై వేలు ఎస్‌బీల ఎప్పుడు ఉంచుండ్రి.

నర్సంపేట_మిర్చి

అందరు ఇంత ఓపికగ చెప్తున్నరు, చానా థ్యాంక్స్. బాపుకు రాత్రి ప్రామిసరీ నోటు ముచ్చట చెప్పిన, "అయితే మనం గవర్నమెంటుకు అప్పిస్తున్నమా" అన్నడు, మొఖం కొంచెం తేటైంది. ట్యాక్స్ ఏమైనా పడ్తదా? పైసలు బాపు ఖాతాల ఉన్నయ్, ఫండు నా పేరు మీద తీస్కోవచ్చా?

ఫండ్ల_పిచ్చి_కాజీపేట

నీ పేరు మీద కుదరదు, ఎవరి పేరున ఫండో వాళ్ల ఖాతా నుంచే పైసలు పోవాలె. బాపు పేరునే తెరువు. పాన్, ఆధార్, కేవైసీ కావాలె, నామినీగ అవ్వ పేరు తప్పకుంట రాయించు.

ట్యాక్స్ అంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి కొన్న డెట్ ఫండ్లకు ఎన్ని రోజులు ఉంచినా లాభం మన ఆదాయంల కలిపి స్లాబు లెక్కన పడ్తది. ఎఫ్‌డీ మిత్తికి కూడ అంతే. ఫండు లాభం పంట ఆదాయం కిందికి రాదు, అది గుర్తుంచుకో, కాని బాపుకు వేరే ఆదాయం లేకుంటే ఈ 20 వేలకు ట్యాక్స్ దాక పోయే పని ఉండదు. ఫండుల తీసేటప్పుడు టీడీఎస్ (ముందే పట్టుకునే ట్యాక్స్) కోయరు. ఇంకోటి, డైరెక్ట్ ప్లాన్ తీస్కో, 2013 నుంచి ఉన్నయ్, ఏజెంటు కమీషన్ ఉండదు. ఇసొంటి ఫండుల వచ్చేదే తక్కువ కాబట్టి ఆ కొంచెం కూడ లెక్కనే.

వడ్డేపల్లి_అక్క

నాకు వాట్సాప్‌ల ఒక గ్రూపు వచ్చింది, మనీ మార్కెట్ స్కీము, నెలకు 3 శాతం గ్యారంటీ అని. అది ఇదేనా?

లెక్కలసారు_నయీంనగర్

అక్కా అస్సలు కాదు, ఇప్పుడే ఆ గ్రూపుల నుంచి ఎల్లిపోండ్రి. నెలకు 3 శాతం ఏ మనీ మార్కెట్‌ల లేదు, అసలు మ్యూచువల్ ఫండోళ్లు గ్యారంటీ అనే మాటే వాడరు. ఫోన్‌పే నంబరుకు పైసలు పంపుమంటే అది దొంగతనమే. ఇంకోసారి మీ పైసలు పోవద్దు.

వడ్డేపల్లి_అక్క

ఎల్లిపోయిన తమ్మీ. నంబరు బ్లాక్ చేసిన.

నర్సంపేట_మిర్చి

మూడు వారాల తర్వాత రాస్తున్న. బాపుకు కేవైసీ చేయించిన, ఆధార్‌ల ఫోన్ నంబరు పాతది ఉండె, మీ సేవల మార్పించేసరికే వారం పట్టింది. లక్షన్నర విత్తనాలది ఎస్‌బీలనే ఉంచినం. 6 లక్షలల్ల 3 లక్షలు బ్యాంకు సారు చెప్పినట్టు ఎఫ్‌డీ, బాపుకు బాండు కాయితం చేతిల ఉంటే నిమ్మలం. మిగతా 3 లక్షలు ఏ-1 గడి ఉన్న లిక్విడ్ ఫండుకు అనుకున్నం, కాని బాపు ఒక్కసారే పెట్టనియ్యలే. బుధవారం లక్ష పెట్టినం. రోజు సాయంత్రం పొలం నుంచి రాంగనే ఎంతైంది అని అడిగేది, 16, 17 రూపాయలు ఎక్కింది అని చెప్పేది. ఆదివారం కూడ ఎక్కిందని చెప్తే నమ్మలే, ఫోన్ తీస్కొని తనే చూసిండు.

సోమవారం పొద్దుగాల "5 వేలు తియ్యి, వస్తయో రావో చూస్త" అన్నడు. తీసిన. మంగళవారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది, ఏడు రోజులు నిండలే కాబట్టి పావలా కోసుకున్నరు, అంతే. బాపు ఏటీఎంకు పోయి ఆ 5 వేలు నోట్లు తీసి లెక్కపెట్టుకొని జేబుల పెట్టుకున్నడు, వచ్చేటప్పుడు చెల్లెకు చీర తెచ్చిండు. ఇయ్యాల పొద్దుగాల మిగతా 2 లక్షలు కూడ పెట్టుమన్నడు. పెట్టిన.